ప్రయోగశాల జంతువుల గదిలో గాలి: తుమ్ముతో మొదలై ఉబ్బసం దాకా

పుదుచ్చేరికి వైద్య విద్యలో రెండు వందల ఏళ్ల చరిత్ర ఉంది. ఫ్రెంచివారు 1823లో ఇక్కడ నెలకొల్పిన వైద్య పాఠశాల 1964లో జిప్మర్‌గా మారింది. దానికి చేరువలో, ఇందిరానగర్‌లో, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్)కి చెందిన వెక్టర్ కంట్రోల్ రీసెర్చ్ సెంటర్ ఉంది. 1975లో ఏర్పాటైన ఈ కేంద్రం దోమల మీద, అవి వ్యాప్తి చేసే వ్యాధుల మీద పరిశోధన చేస్తోంది. ఇలాంటి సంస్థల నుంచి వెలువడే పరిశోధన పత్రాల్లో శాస్త్రవేత్తల పేర్లుంటాయి. ప్రయోగంలో వాడిన ఎలుకల జాతి, వయసు, బరువు కూడా రాస్తారు. ఆ ఎలుకల బోనులు కడిగి, మురికి ఊక ఎత్తిపోసి, కొత్త ఊక పరిచి, మేత, నీళ్లు పెట్టిన మనిషి ప్రస్తావన మాత్రం సాధారణంగా కనిపించదు.

ఆ మనిషికి ఈ పని వల్ల రాగల జబ్బు ఒకటుంది. దాన్ని ప్రయోగశాల జంతువుల అలర్జీ అంటారు. ఎలుకలు, చిట్టెలుకలు, కుందేళ్లు, గినీపందులు పెంచే ప్రతి చోటా ఈ ముప్పు ఉంటుంది. వైద్య కళాశాల, ఫార్మసీ కళాశాల, మందుల కంపెనీ, టీకాల కేంద్రం ఏదైనా ఒకటే. అమెరికాలో కార్మికుల ఆరోగ్య భద్రతపై పరిశోధించే నియాష్ సంస్థ 1998లో దీనిపై ప్రత్యేక హెచ్చరిక విడుదల చేసింది. జంతువులతో పనిచేసేవారిలో దాదాపు 33 శాతం మందికి అలర్జీ లక్షణాలు, సుమారు 10 శాతం మందికి జంతువుల వల్ల వచ్చే ఉబ్బసం లక్షణాలు ఉంటాయని అందులో పేర్కొంది. అంటే ముగ్గురిలో ఒకరికి అలర్జీ, పదిమందిలో ఒకరికి ఉబ్బసం. ఇంత తరచుగా వచ్చే జబ్బే అయినా దీన్ని చాలావరకు నివారించవచ్చు. అందుకు ముందు అది ఎలా వస్తుందో తెలియాలి.

జలుబు అని పొరబడే జబ్బు

మొదటి లక్షణాలు చాలా మామూలుగా ఉంటాయి. జంతువుల గదిలోకి వెళ్లిన కొద్ది నిమిషాలకే తుమ్ములు, ముక్కు కారడం, కళ్లు ఎర్రబడి దురద పెట్టడం మొదలవుతాయి. ఎలుక తోక తగిలిన చోట, గోళ్లు గీరిన చోట దద్దుర్లు లేస్తాయి. ఏసీ పడలేదనో, దుమ్ము వల్లనో, వాన కాలం జలుబనో అనుకుని చాలామంది ఒక మాత్ర వేసుకుని పనిలో పడిపోతారు.

మామూలు జలుబు వారం రోజుల్లో తగ్గిపోతుంది. ఇది తగ్గదు. అయితే సెలవు రోజుల్లో ఉపశమనం ఉంటుంది. పండక్కి నాలుగు రోజులు ఊరెళితే ముక్కు తేటపడుతుంది. తిరిగి పనిలో చేరిన రోజే తుమ్ములు మొదలవుతాయి. ఈ తేడాను గమనించడమే జబ్బును పట్టుకోవడంలో మొదటి మెట్టు.

పట్టించుకోకపోతే కొందరిలో అది ముక్కు నుంచి ఊపిరితిత్తులకు దిగుతుంది. రాత్రిపూట దగ్గు, ఛాతీ పట్టేసినట్టు ఉండటం, ఊపిరి వదిలేటప్పుడు పిల్లికూతలు వస్తాయి. అది ఉబ్బసం. లక్షణాలు మొదలయ్యాక కూడా అదే గాలి పీలుస్తూ ఎంత ఎక్కువ కాలం గడిపితే, కోలుకునే అవకాశం అంత తగ్గుతుంది. ఉద్యోగం మానేశాక కూడా ఉబ్బసం వదలని వారున్నారు. అరుదుగా, అప్పటికే అలర్జీ ఉన్న వ్యక్తిని ఎలుక కరిస్తే రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి వచ్చిన సందర్భాలూ వైద్య సాహిత్యంలో నమోదయ్యాయి.

అసలు కారణం మూత్రంలో

ఈ అలర్జీకి జంతువుల వెంట్రుకలే కారణమని చాలామంది అనుకుంటారు. ఎలుకల విషయంలో ప్రధాన కారణం వాటి మూత్రం. ఆరోగ్యవంతుడైన మనిషి మూత్రంలో ప్రోటీన్ దాదాపు ఉండదు. ఉంటే డాక్టరు మూత్రపిండాల పరీక్షలు రాస్తారు. చిట్టెలుక సంగతి వేరు. దాని కాలేయం తయారుచేసే ఒక ప్రోటీన్ పెద్ద మొత్తంలో మూత్రంలోకి వచ్చేస్తుంది. అలర్జీ శాస్త్రంలో దాని పేరు మస్ ఎం 1. పెద్ద ఎలుకలో దీనికి సమానమైనది రాట్ ఎన్ 1.

ఇవి రెండూ లిపోకాలిన్లు అనే ప్రోటీన్ల కుటుంబానికి చెందినవి. లిపోకాలిన్ అణువు చిన్న గిన్నె ఆకారంలో ఉంటుంది. ఆ గిన్నెలో వాసన నిచ్చే చిన్న అణువులు కూర్చుంటాయి. ఎలుక మూత్రం పోసినచోట ఈ వాసనలు మెల్లమెల్లగా విడుదలవుతూ తోటి ఎలుకలకు కబురు అందిస్తాయి. ఇది ఎవరి హద్దు, ఇక్కడున్నది మగదా ఆడదా అన్న సమాచారం అందులో ఉంటుంది. మగ ఎలుకల మూత్రంలో ఈ ప్రోటీన్ ఆడవాటి కంటే కొన్ని రెట్లు ఎక్కువ. అందుకే ఒకే సంఖ్యలో ఎలుకలున్నా, మగ ఎలుకలున్న గదిలో అలర్జీ కారకం ఎక్కువగా ఉంటుంది. కుక్క, ఆవు, గుర్రం నుంచి వచ్చే ముఖ్యమైన అలర్జీ కారకాల్లోనూ లిపోకాలిన్లున్నాయి.

మూత్రం ఊకలో ఇంకి ఆరిపోతుంది. నీరు ఆవిరైపోయినా ప్రోటీన్ చెడిపోదు. ఊక పొడికి, ఎలుక బొచ్చుకు, రాలిన చర్మపు పొరలకు అంటుకుని ఉంటుంది. ఎలుకలు పరుగెత్తినా, బోను కదిపినా, ఊక గుమ్మరించినా ఆ పొడి గాల్లోకి లేస్తుంది.

శరీరం పొరపాటు లెక్క

పీల్చిన ప్రోటీన్ మొదటిరోజే తుమ్ము తెప్పించదు. మొదటి దశలో రోగనిరోధక వ్యవస్థ దాన్ని శత్రువుగా పొరబడి, దానికోసం ప్రత్యేకంగా ఐజీఈ అనే ప్రతిరక్షకాన్ని తయారు చేసుకుంటుంది. ఈ ప్రతిరక్షకాలు ముక్కు, కళ్లు, శ్వాసనాళాల పొరల్లోని మాస్ట్ కణాల మీద చేరి కూర్చుంటాయి. ఇందుకు నెలలు, ఒక్కోసారి ఏళ్లు పట్టవచ్చు. అంతకాలం బయటికి ఏమీ తెలియదు.

రెండో దశలో అదే ప్రోటీన్ మళ్లీ లోపలికి రాగానే ఐజీఈ దాన్ని పట్టుకుంటుంది. వెంటనే మాస్ట్ కణాలు హిస్టమిన్ వంటి రసాయనాలను వదులుతాయి. ముక్కు కారడం, దురద, శ్వాసనాళాలు బిగుసుకోవడం వాటి పనే. ఇక ఆ తర్వాత చాలా తక్కువ మోతాదు కూడా చాలు.

సాధారణంగా ఉద్యోగంలో చేరిన మొదటి మూడేళ్లలోనే ఎక్కువమందికి లక్షణాలు బయటపడతాయి. ఇంతకుముందే ఉబ్బసం, దుమ్ము అలర్జీ వంటివి ఉన్నవారికి, కుటుంబంలో ఆ తత్వం ఉన్నవారికి ముప్పు ఎక్కువ. అలాగని ఆ చరిత్ర లేనివారికి రాదనుకోవడం తప్పు. కాబట్టి అలర్జీ తత్వం ఉన్నవారిని ఉద్యోగంలో చేర్చుకోకపోవడం పరిష్కారం కాదు. మార్చాల్సింది గదిలోని గాలిని.

రేణువు ఎంతసేపు తేలుతుంది?

ఇక్కడ కొంచెం భౌతికశాస్త్రం అవసరం. కదలని గాలిలో పడే రేణువు మీద భూమ్యాకర్షణ కిందికి లాగుతుంది, గాలి నిరోధం పైకి నెడుతుంది. రేణువు చిన్నదయ్యే కొద్దీ అది పడే వేగం దాని వ్యాసం వర్గానికి అనుగుణంగా తగ్గిపోతుంది. వ్యాసం పదోవంతైతే వేగం నూరోవంతు అవుతుంది.

నీటితో సమానమైన సాంద్రత ఉన్న గుండ్రని రేణువును తీసుకుందాం. 10 మైక్రాన్ల రేణువు సెకనుకు సుమారు 3 మిల్లీమీటర్ల వేగంతో దిగుతుంది. రెండు మీటర్ల ఎత్తు నుంచి నేలను చేరడానికి దాదాపు 11 నిమిషాలు పడుతుంది. 5 మైక్రాన్లదైతే ముప్పావు గంట. 1 మైక్రాన్ రేణువుకు సుమారు 16 గంటలు. నిజమైన గదిలో మనుషుల నడక, ఫ్యాను, తలుపు తెరవడం వల్ల గాలి కదులుతూనే ఉంటుంది కాబట్టి అది ఇంకా ఎక్కువసేపు తేలుతుంది. ఎలుకల అలర్జీ కారకాలు ఇంచుమించు ఈ పరిమాణాల రేణువుల మీదే ప్రయాణిస్తాయి. పెద్దవి ముక్కులో ఆగిపోతాయి. చిన్నవి ఊపిరితిత్తుల లోతుకు చేరతాయి. అంటే ఉదయం ఊక మార్చిన గదిలోకి మధ్యాహ్నం అడుగుపెట్టినవారు కూడా ఆ ధూళినే పీల్చే అవకాశముంది.

దీనికి విరుగుడు గదిలోని గాలిని మార్చడం. గంటకు ఎన్నిసార్లు గది నిండా ఉన్నంత గాలి మారుతుందన్నది కొలమానం. గంటకు 12 సార్లు మారే గదిలో, ధూళి పుట్టడం ఆగిపోయాక, తేలే రేణువుల్లో 99 శాతం పోవడానికి సుమారు 23 నిమిషాలు పడుతుంది. గంటకు రెండుసార్లే మారితే అదే పనికి 138 నిమిషాలు కావాలి. మన దేశంలో జంతు ప్రయోగాలను పర్యవేక్షించే కమిటీ, అంటే ఇంతకాలం సీపీసీఎస్‌ఈఏగా, ఇప్పుడు సీసీఎస్‌ఈఏగా పిలుస్తున్న సంస్థ మార్గదర్శకాలు జంతుశాలల్లో గంటకు 12 నుంచి 15 సార్లు గాలి మారేలా ఏర్పాటుండాలని చెబుతున్నాయి. జంతువుల ఆరోగ్యం కోసం పెట్టిన ఈ అంకె మనుషులనూ కాపాడుతుంది.

గోడకు బిగించే మామూలు ఏసీతో ఈ లెక్క కుదరదు. అది గదిలో ఉన్న గాలినే చల్లబరిచి తిరిగి వదులుతుంది. బయటి గాలిని లోపలికి తేదు, లోపలి ధూళిని బయటికి పంపదు. గది చల్లగా ఉంది కాబట్టి గాలి శుభ్రంగా ఉందనుకోవడం పొరపాటు. సముద్రతీరంలోని పుదుచ్చేరిలో ఈ పొరపాటుకు ఆస్కారం ఎక్కువ. బయటి గాలిలో తేమ తరచుగా 70 శాతం దాటుతుంది. మార్గదర్శకాల ప్రకారం జంతువుల గదిలో తేమ 30 నుంచి 70 శాతం మధ్య ఉండాలి. బయటి తేమ గాలిని ఆరబెట్టి లోపలికి పంపడానికి విద్యుత్తు ఖర్చవుతుంది. ఆ ఖర్చు తగ్గించడానికి తలుపులు, కిటికీలు బిగించి లోపలి గాలినే తిప్పితే అలర్జీ కారకం పేరుకుపోతుంది. తేమ పెరగనిస్తే ధూళి లేవడం కొంత తగ్గుతుంది కానీ బూజు, సూక్ష్మ పురుగులు పెరిగి కొత్త అలర్జీలు తెస్తాయి. కరెంటు పోయినప్పుడూ గాలి మార్పిడి ఆగకుండా ప్రత్యామ్నాయ ఏర్పాటు ఉండాలని మార్గదర్శకాలు అడగడం ఇందుకే ముఖ్యం.

దోమలు పెంచే గదుల్లో

జంతువుల అలర్జీ అనగానే ఎలుకలే గుర్తొస్తాయి. ప్రయోగశాలలో పెంచే కీటకాలు కూడా ఈ జాబితాలో ఉన్నాయి. బ్రిటన్‌లో మిడతలను పెంచే ఒక పరిశోధన కేంద్రంలోని సిబ్బందికి వచ్చిన ఉబ్బసంపై 1980లోనే అధ్యయనం ప్రచురితమైంది. సూడాన్‌లో నైలు నది ఒడ్డున గుంపులుగా లేచే, కుట్టని ఒక రకం ఈగల శరీర ధూళి వల్ల స్థానికులకు ఉబ్బసం వచ్చిందని పరిశోధనలు చెప్పాయి. వాటి లార్వాల్లోని ఎర్రని హీమోగ్లోబిన్ అందుకు కారకమని తేలింది.

పుదుచ్చేరిలో ఈ విషయానికి ప్రత్యేక ప్రాధాన్యం ఉంది. వెక్టర్ కంట్రోల్ రీసెర్చ్ సెంటర్ ఆస్ట్రేలియాలోని మొనాష్ విశ్వవిద్యాలయంతో కలిసి, వోల్బాకియా అనే బ్యాక్టీరియా ఉన్న ఏడిస్ ఈజిప్టై దోమలను అభివృద్ధి చేసినట్టు 2022లో వెల్లడైంది. ఈ బ్యాక్టీరియా దోమలో ఉంటే డెంగీ వైరస్ అందులో సరిగా వృద్ధి చెందలేదు. ఇలాంటి పద్ధతి వాడకంలోకి రావాలంటే దోమలను పెద్ద సంఖ్యలో పెంచాలి. గుడ్ల నుంచి లార్వాలు, ప్యూపాలు, రెక్కల దోమలు తరం వెంట తరం గదుల్లోనే పెరుగుతాయి. దోమ రెక్కల మీద సన్నని పొలుసులుంటాయి. అవి రాలుతాయి. చనిపోయిన దోమల ముక్కలు, ఎండిన మలం, లార్వాలకు వేసే మేత పొడి వాటికి తోడవుతాయి. మూసిన గదిలో వేల దోమల బోనులు శుభ్రం చేసే వ్యక్తి పీల్చే గాలి గురించి కూడా ఎలుకల గది గురించి ఆలోచించినంత శ్రద్ధగానే ఆలోచించాలి.

ఎవరు ఎక్కువ పీలుస్తారు?

ఐరోపాలో 1990ల నుంచి జరిగిన కొలతలు ఒక విషయాన్ని స్పష్టం చేశాయి. ఒకే భవనంలో పనిచేసినా అందరూ ఒకే మోతాదు పీల్చరు. మురికి బోనులను ఖాళీ చేసి శుభ్రం చేసేవారికి అందరికంటే ఎక్కువ మోతాదు అందుతుంది. తర్వాతి స్థానం బతికున్న జంతువులను పట్టుకుని సూదులు వేసేవారిది. కోసిన కణజాలాలతో ప్రయోగశాల బల్ల దగ్గర పనిచేసేవారికి తక్కువ. కార్యాలయంలో కూర్చునేవారికి ఇంకా తక్కువ.

అంటే పరిశోధన సంస్థలో తక్కువ జీతం అందుకునేవారే తరచుగా ఎక్కువ ధూళి పీలుస్తారు. కాంట్రాక్టు మీద వచ్చే సిబ్బంది అయితే ఏడాదికోసారి జరిగే ఆరోగ్య పరీక్షల జాబితాలో పేరు లేకుండా పోయే ప్రమాదం ఉంది. తుమ్ములు వస్తున్నాయని చెబితే పని పోతుందేమోనని దాచుకుంటారు. పీహెచ్‌డీ చేస్తున్న విద్యార్థులదీ ఇంచుమించు అదే పరిస్థితి. మూడేళ్లు శ్రమించిన ప్రయోగాన్ని మధ్యలో వదలలేక మాత్రలు మింగుతూ కొనసాగిస్తారు.

ధూళి ఇంటికీ వస్తుంది. నెదర్లాండ్స్‌లో జరిగిన ఒక అధ్యయనంలో జంతుశాల సిబ్బంది తలకు పెట్టుకునే టోపీల మీద, వారి ఇళ్లలోని పరుపుల ధూళిలో ఎలుకల అలర్జీ కారకాలు దొరికాయి. జుట్టులో చిక్కుకున్న పొడి దిండు దాకా చేరుతుంది. ఇంట్లో అలర్జీ తత్వమున్న పిల్లలుంటే ఇది పట్టించుకోవాల్సిన సంగతి.

మాస్కు చివరి మెట్టు

నివారణ అనగానే ముందుగా మాస్కు గుర్తొస్తుంది. వృత్తి ఆరోగ్య నిపుణులు దాన్ని చివరన పెడతారు. ధూళి పుట్టకుండా చూడటం మొదటిది, పుట్టినచోటే పట్టుకోవడం రెండోది, మనిషికి కవచం తొడగడం ఆఖరిది.

జంతువుల సంఖ్య తగ్గితే ధూళి దానంతటదే తగ్గుతుంది. జంతు ప్రయోగాలను తగ్గించాలని 1959లోనే రసెల్, బర్చ్ అనే శాస్త్రవేత్తలు ప్రతిపాదించారు. మన దేశంలో కొత్త మందుల నిబంధనలకు 2023లో చేసిన సవరణ జంతువులు లేని పరీక్ష పద్ధతులకు చోటిచ్చింది. ఇవన్నీ పరోక్షంగా సిబ్బందికీ మేలు చేస్తాయి. బోనులో పరిచే పదార్థమూ ముఖ్యమే. ఎలుకల కింద రంపపు పొట్టుకు బదులు తేమ పీల్చే మెత్తలు వాడినప్పుడు గాల్లోని మూత్ర ప్రోటీన్లు బాగా తగ్గినట్టు 1992లో బ్రిటన్ పరిశోధకులు చూపారు. పొడి ఎక్కువగా లేచే ఊకను జల్లెడ పట్టి వాడటం, ఎత్తిపోసే ముందు నీళ్లు చిలకరించడం ఖర్చులేని జాగ్రత్తలు.

రెండో మెట్టులో ప్రతి బోనుకూ విడిగా గాలి అందించే ప్రత్యేక బోనులున్నాయి. వాటి నుంచి బయటికి వచ్చే గాలి హెపా వడపోత గుండా పోతుంది. హెపా వడపోత 0.3 మైక్రాన్ల రేణువుల్లో 99.97 శాతాన్ని ఆపుతుంది. వీటిని నడిపే తీరులో ఒక మెలిక ఉంది. క్రిములు లోపలికి రాకుండా ఎలుకలను కాపాడాలంటే బోనులో గాలి పీడనం ఎక్కువగా ఉంచుతారు. అప్పుడు బోను సరిగా మూసుకోకపోతే సందుల నుంచి ధూళి గదిలోకి వస్తుంది. పీడనం తక్కువగా ఉంచితే మనిషికి రక్షణ. ఏ గదిలో ఏది ముఖ్యమో ముందే తేల్చుకోవాలి. మురికి ఊకను గాలిని లోపలికి లాగే ప్రత్యేక బల్ల మీదే ఖాళీ చేయాలి. పొడి చీపురుతో ఊడవకుండా తడి గుడ్డతో తుడవాలి.

ఆ తర్వాతే కవచం. బట్ట మాస్కు, సర్జికల్ మాస్కు ఈ ధూళికి చాలవు. ఎన్95 మాస్కు 0.3 మైక్రాన్ల రేణువుల్లో కనీసం 95 శాతాన్ని వడగడుతుంది, అదీ ముఖానికి సందు లేకుండా అతుక్కుంటేనే. గడ్డం ఉన్నవారికి ఆ బిగువు కుదరదు. చేతులకు తొడుగులు, ఒంటికి కోటు, తలకు టోపీ వేసుకుని, పని ముగిశాక వాటిని అక్కడే వదిలి, స్నానం చేసి ఇంటికి వెళ్లడం మంచిది.

నమోదైతేనే కనిపిస్తుంది

జబ్బును తొందరగా పట్టుకోవడానికి ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. ఉద్యోగంలో చేరిన రోజే శ్వాస పరీక్ష చేసి, అలర్జీ చరిత్ర రాసుకోవాలి. మొదటి మూడేళ్లు తరచుగా, ఆ తర్వాత ఏడాదికోసారి చిన్న ప్రశ్నావళి నింపించాలి. గదిలోకి వెళితే తుమ్ములు వస్తున్నాయా, సెలవుల్లో తగ్గుతున్నాయా అన్నవే అందులో ముఖ్యమైన ప్రశ్నలు. అనుమానం వస్తే పీక్ ఫ్లో మీటర్ అనే చిన్న గొట్టంలోకి బలంగా ఊది అంకె రాసుకోవచ్చు. రోజుకు నాలుగుసార్లు చొప్పున, పని రోజుల్లోనూ సెలవుల్లోనూ కొన్ని వారాలు రాస్తే, పనికీ ఊపిరికీ సంబంధం కాగితం మీదే కనిపిస్తుంది. ఏ జంతువుకు అలర్జీ ఉందో చర్మ పరీక్ష, ఐజీఈ రక్త పరీక్ష నిర్ధారిస్తాయి. ముక్కు స్ప్రేలు, ఇన్‌హేలర్లు లక్షణాలను అదుపు చేస్తాయి. కానీ ధూళి పీల్చడం ఆగకపోతే మందు ఒక్కటే సరిపోదు.

బ్రిటన్ 1982లో వృత్తిపరమైన ఉబ్బసాన్ని పరిహారం ఇవ్వదగిన జబ్బుల జాబితాలో చేర్చింది. అప్పుడు గుర్తించిన ఏడు రకాల కారకాల్లో ప్రయోగశాలల్లోని జంతువులు, కీటకాలు కూడా ఉన్నాయి. మన దేశంలో జంతువులపై క్రూరత్వ నివారణ చట్టం 1960లో, దాని కింద ప్రయోగాల నియంత్రణ నియమాలు 1998లో వచ్చాయి. ప్రతి సంస్థలోనూ జంతు నైతిక కమిటీ ఉండాలి, ప్రతి ప్రయోగానికీ దాని అనుమతి కావాలి. ఈ ఏర్పాటు ప్రధాన లక్ష్యం జంతువుల సంక్షేమం. అదే కమిటీ ముందుకు వచ్చే ప్రతి ప్రతిపాదనలో బోనులు ఎవరు కడుగుతారు, వారికి ఏ రక్షణ ఉంది, వారి శ్వాస పరీక్ష ఎప్పుడు జరిగింది అన్న మూడు ప్రశ్నలు చేరిస్తే అదనంగా అయ్యే ఖర్చు దాదాపు లేదు.

శిక్షణ కూడా అంతే అవసరం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థలో ఏర్పాటైన జాతీయ ప్రయోగశాల జంతు శాస్త్ర కేంద్రం ఎన్నో ఏళ్లపాటు జంతుశాల టెక్నీషియన్లకు, సూపర్‌వైజర్లకు శిక్షణ ఇచ్చింది. జంతువును ఎలా పట్టుకోవాలో నేర్పే ప్రతి తరగతిలోనూ, ఆ జంతువు వదిలే ధూళి నుంచి తనను తాను ఎలా కాపాడుకోవాలో నేర్పే గంట ఒకటి ఉండాలి. అది పుదుచ్చేరిలో దోమల బోను తుడిచే వ్యక్తికి, జీనోమ్ వ్యాలీలో ఎలుకల ఊక మార్చే వ్యక్తికి, యానాం నుంచి వచ్చి ఫార్మకాలజీ చదివే విద్యార్థికి సమానంగా వర్తిస్తుంది. జంతువుల గదిలో పనిచేసేవారికి రెండు వారాలైనా తగ్గని తుమ్ములుంటే, అవి సెలవు రోజుల్లో మాయమవుతుంటే, మాత్రతో సరిపెట్టుకోకుండా సంస్థ వైద్యుడికి చెప్పి రాయించుకోవడం మంచిది. ఉబ్బసం దాకా పోకుండా ఆపే అవకాశం ఎక్కువగా ఉండేది ఆ దశలోనే.